ఫొటో తీసినవారిది, ఫొటో దిగినవారిది



నాయుడుపేటలో ఫొటో స్టూడియో పెట్టుకున్నవాడికి పని ఏ దిక్కు నుంచి వస్తుందో చెప్పలేం. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి మీదుగా వచ్చే రోడ్డు ఇక్కడే చెన్నై–కలకత్తా జాతీయ రహదారిలో కలుస్తుంది. స్వర్ణముఖి ఊరిని ఒరుసుకుని వాకాడు వైపు సాగి సముద్రంలో కలుస్తుంది. దక్షిణానికి దిగితే దొరవారిసత్రం, సూళ్లూరుపేట, తడ. ఆ పక్కనే పులికాట్ సరస్సు, సరస్సుకు అవతల శ్రీహరికోట. పడమటి వైపు మగ్గాల ఊరు వెంకటగిరి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు ఈ ఊరు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కాయితాల మీద జిల్లా మారింది గానీ, బేరం మాత్రం పాత దారుల్లోనే వస్తోంది.

పట్నంలో ఒకాయన పెళ్లిళ్లకే, ఇంకొకాయన పక్షులకే, మరొకాయన పత్రికకే ఫొటోలు తీసుకుంటూ బతకవచ్చు. ఇలాంటి ఊళ్లో అట్లా కుదరదు. ముహూర్తాలున్న నెలల్లో పెళ్లి ఆల్బమ్‌లు. చలికాలంలో నేలపట్టు గూడబాతుల కోసం, పులికాట్ ఫ్లెమింగోల కోసం తెల్లవారుజామున బయలుదేరడం. రాకెట్ ఎగిరే రోజున అటకానితిప్ప దారిలోనో, ఏదో ఒక మిద్దె మీదో కెమెరా నిలబెట్టుకోవడం. భాద్రపదంలో వెంకటగిరి పోలేరమ్మ జాతర. తుపాను పడితే కూలిన ఇంటి ముందు, చిరిగిన వల ముందు మనిషిని నిలబెట్టి దరఖాస్తుకు ఫొటో తీయడం. వీటన్నిటి మధ్యా రోజూ ఉండే పని ఒకటుంది, అది పాస్‌పోర్ట్ సైజు ఫొటో.

ఇన్ని రకాల ఫొటోల్లో ఏది గొప్ప పని అని అడిగితే, చాలామంది పక్షిని చూపిస్తారు, రాకెట్‌ను చూపిస్తారు. వాటికే బహుమతులు వస్తాయి, క్యాలెండర్ల మీద అవే ఎక్కుతాయి. ఈ పూట నేను మరో లెక్క మీ ముందు పెట్టాలనుకుంటున్నాను. తీసిన ఫొటో అందులో ఉన్న మనిషికి చేరిందా లేదా? ఆ మనిషి పేరు ఆ ఫొటోతో పాటు మిగిలిందా లేదా? మన తీరంలో నూరేళ్లకు పైగా జరిగిన ఫొటోల పనిని ఈ రెండు ప్రశ్నలతో చూస్తే కొన్ని సంగతులు తేటపడతాయి.

ముందు పాత కాలానికి పోదాం. 1885లో ఎడ్గార్ థర్‌స్టన్ అనే ఇంగ్లీషు దొర మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి సూపరింటెండెంటుగా వచ్చాడు. చదివింది వైద్యం. చేసిన పనులు మాత్రం రకరకాలు. మన్నారు సింధుశాఖలో ముత్యపు చిప్పల వేట గురించి, శంఖాల వేట గురించి రాశాడు. పాత నాణేల జాబితాలు తయారు చేశాడు. ఆ తర్వాత కెమెరా, కొలబద్దలు పట్టుకుని దక్షిణ దేశమంతా తిరిగి మనుషుల ముక్కులూ తలలూ కొలిచాడు. 1909లో కె. రంగాచారితో కలిసి దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాల పుస్తకం వెలువరించాడు. ఈ ప్రాంతపు చరిత్ర రాసేవాళ్లెవరూ ఈనాటికీ దాన్ని తిరగేయకుండా ముందుకు పోలేరు.

ఆ ఏడో సంపుటంలో మన యానాది తెగవాళ్ల మీద పెద్ద అధ్యాయమే ఉంది. శ్రీహరికోట వాళ్ల పుట్టినిల్లు లాంటిది. 1835లో ఆ దీవి ప్రభుత్వం చేతిలోకి వచ్చాక యానాదులు అడవిలో తేనె, మైనం, కుంకుళ్ల వంటివి సేకరించి సర్కారుకు అప్పజెప్పేవారు. పుల్లను పుల్లతో మథించి నిప్పు పుట్టించే వాళ్ల నేర్పును థర్‌స్టన్ వివరంగా రాశాడు. ఫొటోలూ వేశాడు. ఆ కాలంలో బరువైన కెమెరా, గాజు పలకలు మోసుకుంటూ అంత దూరం వచ్చి అంత పని చేయడం సామాన్యం కాదు, ఒప్పుకోవాలి.

అయితే ఆ ఫొటోల కింద ఏముందో చూడండి. కులం పేరుంది, తెగ పేరుంది. మనిషి పేరు లేదు. ఒకామె ముఖం కనబడుతుంది, ఆమె ఎవరి బిడ్డో తెలియదు. కొలవడానికి నిలబెట్టిన మనిషికి ఆ ఫొటో కాపీ ఇవ్వాలన్న ఆలోచన ఆనాటి పద్ధతిలోనే లేదు. థర్‌స్టనే తన పుస్తకం ముందుమాటలో ఒక సంగతి చెప్పాడు. వయనాడులో పణియ తెగ స్త్రీలు తనను చూసి పారిపోయారట. వాళ్లలో బాగా కనిపించిన వాళ్లను పట్టుకుపోయి, లోపల గడ్డి కూరి, మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ల భయం. దొర దాన్ని తమాషాగా రాశాడు. నాకైతే ఆ ఆడవాళ్లు విషయం సరిగ్గానే పసిగట్టారనిపిస్తుంది. ఒంటికి ఏమీ కాలేదు, నిజమే. ముఖం మాత్రం మ్యూజియానికే పోయింది.

థర్‌స్టన్ రావడానికి ముందు, 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని ధాత కరవు పీల్చి పిప్పి చేసింది. రాయలసీమ, నెల్లూరు సీమలూ అందులో ఉన్నాయి. ఆ కరవులో విలోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్లయిన మనుషులను వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. కరవు ఎంత ఘోరమో ఇంగ్లండులో ఉన్నవాళ్లకు ఆ ఫొటోలు చూపించాయి, విరాళాలకూ అవి తోడ్పడ్డాయి. కానీ వాళ్లకు ముందు పిడికెడు అన్నం పెట్టకుండా ఫొటోకు ఎలా కూర్చోబెట్టావని అప్పట్లోనే అతని మీద విమర్శలు వచ్చాయి. ఫొటో మేలు చేసినా, తీసినవాడు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఈ తగవు నేటికీ తేలలేదు. తుపాను మర్నాడు కెమెరాతో మత్స్యకారుల కుప్పంలోకి అడుగుపెట్టే ప్రతి వాడూ దాన్ని మోయాల్సిందే.

మన కాలానికి వద్దాం. ఈ తీరంలో మనిషి మనిషికీ ఫొటో ఎప్పుడు వచ్చింది? ప్రేమ కొద్దీ రాలేదు, కార్డు కోసం వచ్చింది. 1993లో ఎన్నికల ప్రధాన కమిషనర్‌గా ఉన్న టి.ఎన్. శేషన్ ఓటరుకు ఫొటో గుర్తింపు కార్డు ఉండాలని పట్టుబట్టారు. ఆ తర్వాతి ఏళ్లలో పల్లె పల్లెకూ కెమెరా పోయింది. బడి వరండాలో నీలం గుడ్డ కట్టి, కుర్చీ వేసి, పలక మీద నంబరు రాసి పట్టుకోమని ఫొటోలు తీశారు. అంతకు ముందు జీవితంలో ఒక్క ఫొటో కూడా దిగని ముసలివాళ్లు మన పల్లెల్లో చాలామంది ఉండేవారు. 2008లో బొంబాయి మీద సముద్రం దారిన దాడి జరిగాక, వేటకు వెళ్లే మత్స్యకారులందరికీ బయోమెట్రిక్ కార్డులు ఇచ్చే పని దేశమంతటా మొదలైంది. రేషను కార్డు, ఆధార్, పింఛను ఉండనే ఉన్నాయి.

వాటిలో ముఖం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. బెదిరిన కళ్లు, బిగదీసిన పెదాలు. అందంగా తీయాలని ఎవరూ అనుకోలేదు, గుర్తుపడితే చాలనుకున్నారు. ఆ ఫొటో కార్యాలయం అవసరానికి పుట్టింది.

తమాషా ఏమిటంటే, చివరికి ఇంటి గోడ మీదికి చేరేది ఆ ఫొటోనే. ఈ ఊరి స్టూడియోల్లో పనిచేసే వాళ్లను ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. ఇంట్లో పెద్ద పోతాడు. పెద్దకర్మకు పటం కట్టించాలి. కొడుకో కూతురో వచ్చి సంచిలోంచి ఓటరు కార్డో ఆధార్ కార్డో తీస్తారు. గోరంత ఫొటో. "అన్నా, దీన్ని పెద్దది చేసి ఇవ్వు" అంటారు. ఆ చుక్కల ముఖాన్ని కంప్యూటర్లో పెట్టి, వెనక గీతలు చెరిపి, చిరుగు సర్ది, భుజం మీద కండువా వేసి, చొక్కా తొడిగి, ఆ మనిషిని మళ్లీ మనిషిగా నిలబెట్టడం ఎంత ఓపిక పని! "మా నాయన జుట్టు ఇట్లా ఉండదన్నా, పక్క పాపిడి" అని ఒకరు, "కళ్లు ఇంకొంచెం నవ్వాలి" అని ఒకరు. అంతా సరిచేసి లామినేషన్ చేసి ఇస్తే, ఆ పటాన్ని రెండు చేతులా పట్టుకుని వెళతారు. కార్యాలయం కోసం తీసిన ఫొటో ఇంటివాళ్లదవుతుంది. ఎక్కడా పేరు పడని ఈ పనిని ఫొటోగ్రఫీలో చాలా పెద్ద పనిగా నేను లెక్కవేస్తాను.

సముద్రం మీద వేటకు పోయిన మనిషి తిరిగి రాకపోతే మొట్టమొదట అడిగేది కూడా ఫొటోనే. పడవ పోతే పడవ ఫొటో, వల పోతే వల ఫొటో. కుప్పాల్లో ఫొటో అంటే సాక్ష్యం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను కుండపోతగా కురిసినప్పుడు ఈ సంగతి మన తీరవాసులకు బాగా తెలిసివచ్చింది. ఉండగా తీసి పెట్టుకున్న ఫొటో ఉంటే పోయిందని చూపించుకోవచ్చు. లేకపోతే నోటి మాటే మిగులుతుంది.

ఇక పక్షుల సంగతి. నాయుడుపేట నుంచి దక్షిణంగా దొరవారిసత్రం మండలంలో నేలపట్టు ఉంది. సుమారు 459 హెక్టార్ల అభయారణ్యం, 1976లో ఏర్పడింది. అక్టోబరు వచ్చేసరికి గూడబాతులు దిగుతాయి. చెరువు నీళ్లలో మునిగి నిలబడే చెట్ల కొమ్మల మీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. రెట్టల సత్తువ కలిసిన ఆ చెరువు నీళ్లు పొలాలకు మంచివని చుట్టుపక్కల రైతుల నమ్మకం. పక్షిని కాపాడింది చట్టంతో పాటు ఆ నమ్మకం కూడా. ఫ్లెమింగోలు దిగేది పులికాట్‌లో. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో ఉంది, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. వాటిని చూడడానికి జనం వస్తున్నారని 2001 నుంచి సూళ్లూరుపేట కేంద్రంగా పక్షుల పండుగ కూడా మొదలుపెట్టారు.

పక్షి ఫొటో తీయడం తేలిక కాదు. పెద్ద లెన్సు కావాలి, అంతకంటే పెద్ద ఓపిక కావాలి. గూటి దగ్గరికి పోకూడదు, అరవకూడదు, రాయి విసిరి లేపకూడదు. ఎగిరే గుంపు కావాలని పడవను పక్షుల మీదికి తోలేవాళ్లు ఉన్నారు. మేత మేసే పక్షిని అట్లా లేపితే దాని కడుపు కొట్టినట్టే. మంచి ఫొటోగ్రాఫరు గాలి వాటం, ఎండ వాటం చూసుకుని ఒకచోట కూర్చుంటాడు, పక్షి తనంతట తాను దగ్గరికొస్తే తీసుకుంటాడు.

కానీ ఆ ఫొటోల్లో ఒక లోటు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఫ్లెమింగోల వరస వెనక వల లాగుతున్న మనిషి ఉంటాడు. ఫొటో తీసేవాడు కొంచెం పక్కకు జరిగి ఆ మనిషిని చట్రంలోంచి తప్పిస్తాడు. ప్రకృతి అంటే మనిషి లేనిది అని ఎవరు నేర్పారో మరి. నిజానికి పక్షి బతుకూ పల్లెకారు బతుకూ ఒకే నీటి మీద నడుస్తున్నాయి. పులికాట్‌లోకి సముద్రపు నీళ్లు రావాలంటే ముఖద్వారాలు తెరుచుకుని ఉండాలి. తూపిలిపాళెం వైపు ఒకటి, రాయదొరువు దగ్గర ఒకటి, తమిళనాడులో పళవేర్కాడు దగ్గర ఒకటి. ఇసుక మేట వేసి దారి పూడితే ఉప్పునీరు రాదు. ఆరణి, కాళంగి నదుల మంచినీరు వానాకాలంలో వచ్చి పోతుంది. ఎండాకాలానికి సరస్సు ఎండి బీటలు వారుతుంది. రొయ్య రాదు, పీత రాదు, మడవ చేప రాదు. పల్లెకారు వలస పోతాడు. పక్షికి మేత తగ్గిపోతుంది. ముఖద్వారం పూడిక తీయమని ఏళ్ల తరబడి మత్స్యకారులు మొత్తుకుంటున్నది ఇందుకే. గులాబి రంగు రెక్క ఒక్కటే చూపించే ఫొటో ఈ కథలో పావు వంతు కూడా చెప్పదు.

అదే కెమెరాతో చేయదగిన పనులు ఎన్నో ఉన్నాయి. పులికాట్‌లో 'పాడు' అని పాత ఏర్పాటు ఒకటి ఉంది. ఏ చోట ఎవరు ఏ రోజున వల వేయాలో కుప్పం పెద్దలు కూర్చుని వంతులు పంచుకోవడం. నీటికి గట్లు లేవు, సర్వే నంబర్లు లేవు. అయినా తగవు రాకుండా పంచుకునే తెలివి అది. ఆ కూర్చున్న మనుషులను, వాళ్ల వేళ్ల మీది లెక్కను, మాట తేలాక లేచి వెళ్లే తీరును ఏడాది పొడవునా తీసినవాడుంటే అది చరిత్ర అవుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలు పడవ గట్టెక్కితే ఇంట్లో పొయ్యి ఎలా నడుస్తుంది? వల బాగుచేసే చేతులు ఎవరివి? ఎండుచేప తట్ట నెత్తిన పెట్టుకుని బస్సెక్కే ఆడమనిషి ఏ ఊరి సంతలో దిగుతుంది? ఇవి తీయడానికి అడుగు పొడవు లెన్సు అక్కర్లేదు. ఆ ఊళ్లోకి పదే పదే పోవాలి, పిలిచిన ఇంట్లో కూర్చోవాలి.

రాకెట్ దగ్గరికి వద్దాం. 1969లో శ్రీహరికోటను ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్, రోహిణి-125, ఎగిరింది. 1980 జూలై 18న ఎస్.ఎల్.వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. 2002లో ఆ కేంద్రానికి సతీష్ ధవన్ పేరు పెట్టారు. 2023 జూలై 14 మధ్యాహ్నం చంద్రయాన్-3 లేచినప్పుడు మన మిద్దెల మీద జనం ఎలా కేకలు వేశారో మీకు గుర్తుండే ఉంటుంది. రాత్రి పూట లేచే రాకెట్‌ను తీసేవాళ్లు కెమెరాను కదలకుండా స్టాండుకు బిగించి, షట్టరును నిమిషమో రెండు నిమిషాలో తెరిచి ఉంచుతారు. నిప్పు నడిచిన దారంతా ఒకే ఫొటోలో విల్లులా వంగి పడుతుంది. కింద పులికాట్ నీళ్లలో దాని నీడ కూడా పడితే ఆ రాత్రి జాగారం ఫలించినట్టే.

ఆ పని గొప్పది. దానితో పాటు చేయాల్సినవి మరికొన్ని ఉన్నాయి. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వచ్చి దండం పెట్టుకుంటారు. కాళంగి ఒడ్డున, తలుపులు మూయని గుడి అది. పత్రికల వాళ్లు ఆ ఫొటో తీస్తారు, మర్నాడు మనం చూస్తాం. ప్రయోగం ఉన్న రోజున ఆ చుట్టుపక్కల సముద్రంలోకి పోవద్దని మత్స్యకారులకు హెచ్చరిక వస్తుంది. ఒడ్డున ఆగిన పడవల ఫొటో మాత్రం ఎక్కడా కనిపించదు. కేంద్రం కట్టేటప్పుడు దీవి నుంచి బయటికి వచ్చి వేరే చోట్ల స్థిరపడిన యానాది కుటుంబాలు ఉన్నాయి. రాకెట్ లేచేటప్పుడు వాళ్లూ ఆకాశంలోకే చూస్తారు, ఆ వెలుగు వాళ్ల ముఖాల మీదా పడుతుంది. వెనక్కి తిరిగి ఆ ముఖాలను తీసినవాళ్లు తక్కువ. వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల కోసం జీవితమంతా పనిచేసి, 1962లో వాళ్ల మీద పుస్తకం రాశారు. కలంతో ఆయన చేసిన పనికి జోడుగా కెమెరాతో జరగాల్సిన పని ఇంకా బాకీ ఉంది.

ఇది జరగని పని అనుకోకండి. మన పక్కనే చేస్తున్నవాళ్లు ఉన్నారు. తమిళనాడులో ఎం. పళని కుమార్ అనే ఫొటోగ్రాఫరు ఉన్నారు. ఆయన తల్లి మదురైలో చేపలు అమ్మింది. ఆయన కెమెరా పట్టుకుని ఆ తల్లినే తీశారు, చేపల సంతలో తెల్లవారకముందే నిలబడే ఆడవాళ్లను తీశారు. రామనాథపురం తీరంలో సముద్రంలో మునిగి పాచి ఏరే స్త్రీలతో పాటు నీళ్లలోకి వెళ్లారు. ఎన్నూరు దగ్గర నీళ్లలో కూర్చుని చేతులతో రొయ్యలు పట్టే ఇరుళ స్త్రీల బతుకు చూపించారు. ఆ నీళ్లకూ మనకూ చుట్టరికం ఉంది. బకింగ్‌హాం కాలువ ఎన్నూరు మీదుగానే పులికాట్‌కు వచ్చి, మన తీరం వెంబడి ఉత్తరానికి పోతుంది. ఆయన అక్కడితో ఆగలేదు. మలమూత్రాలు చేతులతో ఎత్తే పాకీ పనివాళ్ల మీద 2017లో వచ్చిన 'కక్కూస్' డాక్యుమెంటరీకి కెమెరా పట్టారు. మత్స్యకారుల పిల్లలకు, పారిశుధ్య కార్మికుల పిల్లలకు ఫొటోలు తీయడం నేర్పుతున్నారు. 2022లో దయానితా సింగ్–పరి డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీ అవార్డు మొట్టమొదట ఆయనకే దక్కింది. చేపల సంత, సముద్రపు పాచి, పారిశుధ్య పని, పిల్లల శిక్షణ. పైకి నాలుగు వేరు వేరు పనుల్లా ఉన్నా, అన్నిటిలోనూ ఫొటోలోని మనిషికి పేరుంది, ఊరుంది, మాట ఉంది.

పరి అంటే 2014లో మన తెలుగు కుటుంబం బిడ్డ, వి.వి. గిరి గారి మనవడు పి. సాయినాథ్ మొదలుపెట్టిన గ్రామీణ భారత భాండాగారం. అందులో కథనాలు తెలుగులోనూ దొరుకుతాయి. సాయినాథ్ గారు కూడా కెమెరా పట్టినవారే. 1993 నుంచి 2002 దాకా పది రాష్ట్రాల్లో తిరిగి, పల్లెల్లో ఆడవాళ్లు చేసే చాకిరీని ఫొటోలు తీశారు. విజయనగరం ప్రాంతపు ఇటుక బట్టీల దగ్గర తీసినవీ వాటిలో ఉన్నాయి. వాటిని ఎక్కడ ప్రదర్శించారనేది ముఖ్యం. బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, ఫ్యాక్టరీ గేట్ల ముందు, వ్యవసాయ కూలీల సభల్లో పెట్టారు. ఎవరి పనిని తీశారో వాళ్లే వచ్చి చూశారు. థర్‌స్టన్ కెమెరాకూ దీనికీ మధ్య నూరేళ్ల దూరం ఉందంటే కాలం వల్ల మాత్రమే కాదు, ఫొటో ఎటు నడిచిందన్న దాని వల్ల కూడా.

ఇప్పుడు మన ఊరి సంగతి. ఫిల్ము రీళ్ల కాలంలో స్టూడియోలు నడిపిన వాళ్ల దగ్గర డబ్బాల కొద్దీ నెగెటివ్‌లు ఉండేవి. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, బడి గ్రూపు ఫొటోలు, మొదటి సైకిలుతో కుర్రవాడు, పట్టుచీరతో పెళ్లిచూపుల అమ్మాయి. ఒక ఊరు ఏం కట్టుకుంది, ఎట్లా నిలబడింది, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరు నేల మీద కూర్చున్నారు, ఇదంతా వాటిలోనే ఉంది. డిజిటల్ వచ్చాక స్టూడియోలు ఫ్లెక్సీల వైపు మళ్లాయి, కొన్ని మూతబడ్డాయి. డబ్బాలు అటక మీద ఉండిపోయాయి. మన సముద్రపు గాలికి ఫిల్ముకు బూజు పడుతుంది. డబ్బా మూత తీయగానే వినిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే ఆ ఫిల్ము కుళ్లిపోతోందని అర్థం. దాన్ని విడిగా తీసి పెట్టాలి, లేకపోతే పక్కవాటికీ పాకుతుంది.

అందుకని కొన్ని పనులు చెబుతాను. స్టూడియో పెద్దలకు నా మనవి ఒకటే. నెగెటివ్‌లను పాత సామాన్లవాడికి అమ్మకండి. కాయితపు కవర్లలో వేసి, పొడిగా, చల్లగా ఉన్నచోట పెట్టండి. ఏ ఊరివో, ఏ ఏడాదివో కవరు మీద రాయండి. గ్రంథాలయం వాళ్లో, కళాశాల చరిత్ర శాఖ వాళ్లో ముందుకొస్తే స్కాన్ చేయడం ఇప్పుడు పెద్ద ఖర్చు కాదు. బడి మాస్టార్లు పిల్లలకు ఒక పని అప్పజెప్పవచ్చు. ప్రతి పిల్లా, పిల్లవాడూ తమ ఇంట్లోని పాత ఫొటో ఒకటి తెచ్చి, అందులో ఉన్నది ఎవరో, ఎక్కడ తీశారో అమ్మమ్మనో తాతనో అడిగి రాయాలి. ఒక ఏడాదిలో ఊరి చరిత్ర సగం తయారవుతుంది.

పక్షుల కోసం, రాకెట్ల కోసం పెద్ద లెన్సులతో మన వైపు వచ్చే మిత్రులకు ఒక మాట. కుప్పంలో ఒక మనిషి ఫొటో తీస్తే ముందు అడగండి, పేరు, చిరునామా కనుక్కోండి. తర్వాత ఒక ప్రింటు వేయించి ఆ చిరునామాకు పంపండి. మళ్లీ వచ్చేటప్పుడు తెచ్చి చేతికిస్తే ఇంకా మంచిది. రెండోసారి మీరు పోయినప్పుడు ఆ ఊరు మిమ్మల్ని చూసే తీరే మారిపోతుంది. మొదటిసారి మీకు కనబడని సంగతులు అప్పుడు వాళ్లే చూపిస్తారు.

ఫోనులో వేల ఫొటోలున్న మనందరికీ ఇంకొక మాట. వాట్సాప్‌లో పంపిన ఫొటో బరువు తగ్గి, వివరం పోగొట్టుకుని చేరుతుంది. ఫోను నీళ్లలో పడితే అన్నీ పోతాయి. ఏడాదికి పది ఫొటోలైనా మంచి కాయితం మీద ప్రింటు వేయించండి. జిగురు అట్టల ఆల్బమ్‌లలో అంటించకండి, ఆ జిగురే ఫొటోను తినేస్తుంది. వెనకవైపు బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే ముందుకు అచ్చు పడుతుంది, మెత్తటి పెన్సిలుతో రాయండి. ఎడమ నుంచి కుడికి ఎవరెవరో పేర్లు, ఊరు, ఏడాది రాస్తే చాలు. ఇంట్లో అమ్మ ఫొటో కార్డు మీద తప్ప మరెక్కడా లేకపోతే, ఆమె ఆరోగ్యంగా, నవ్వుతూ తిరుగుతున్నప్పుడే ఆమెకు నచ్చిన చీర కట్టించి ఒక మంచి ఫొటో తీయించండి.

వందేళ్ల కింద ఈ తీరంలో ఫొటోలు దిగిన మనుషుల పేర్లు మనకు దొరకవు, అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు. మన ఇళ్లలో ఉన్న ఫొటోలకు ఆ గతి పట్టాల్సిన పనిలేదు. ఈ ఆదివారం పెట్టె దించి, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక పెన్సిలు పట్టుకోండి. వాళ్లు చెబుతుంటే మీరు రాయండి.